పైదారం, కిందిదారం

ఆషాఢం వచ్చిందంటే తాడిపత్రిలో తలుపులు వాటంతటవే కొట్టుకుంటాయి. ఈ మంగళవారం మా మిద్దె మీద ఆరేసిన పంచె పక్కవీధి వేపచెట్టెక్కింది. దించుకురమ్మంటే మనవడు కదలడే! ఫోన్లో సముద్రం చూస్తున్నాడు. పలక మీద నిలబడినవాణ్ణి పెద్ద గాలిపటం లాక్కుపోతోంది. కైట్‌బోర్డింగ్ అంట.

"నాలుగు దారాలు తాతా దానికి!"

గాలిపటానికి నాలుగు దారాలేందిరా అని విసుక్కున్నాను. నా చాదస్తం మీకు కొత్త కాదు. సామాను పెరిగేకొద్దీ పనితనం తగ్గుతుందని ఇక్కడ ఎన్నిసార్లు పోట్లాడానో. ఫ్యాన్ రిమోట్ మీద రాసినప్పుడు మీలో కొందరు తిట్టారు కూడా. మా మేనమామకైతే పటం కట్టడానికి రెండు చీపురు పుల్లలు, పాత పేపరు, నాలుగు అన్నం మెతుకులు, తోకకు జేజి చీర అంచు చాలు.

మామ నాపరాళ్ల ఫ్యాక్టరీలో పాలిష్ పని చేసేవాడు. చేతులు బండల్లా గరుకు. ఆ చేతులతోనే పటానికి సూత్రం కట్టేవాడు. పైన ఒక దారం, కింద ఒక దారం, రెండూ కలిసేచోట ముడి. ఆ ముడి ఎక్కడ పడాలన్నదే విద్యంతా. మందగాలికి కాస్త కిందికి, పెనుగాలికి గోరంత పైకి. ముడి పైకి జరిగితే పటం తల ముందుకు వంచి గాలిని జారనిస్తుంది, లాగుడు తగ్గుతుంది. ఒకరోజు పెన్న ఇసుకలో పటం నా చేతిలో ఉండగా గాలి ఒక్కసారిగా లేచింది. దారం వేలికి చుట్టుకుని ఉన్నాను. చూపుడువేలు లోతుగా తెగింది. కొడతాడనుకున్నాను. మామ వేలికి గుడ్డ చుట్టి, పటం దించి, ముడి విప్పాడు. "కిందికి కట్టినా అబ్బీ. తప్పు నాదే" అన్నాడు. మచ్చ ఇప్పటికీ ఉంది.

ఈ మంగళవారం రాత్రి నేనూ ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఫ్రాన్సులో బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984లో గాలి ఊదే గొట్టాలున్న ఈ పటానికి పేటెంట్ వేశారు. నీళ్లలో పడ్డా మునగదు, మళ్లీ లేస్తుంది. కానీ ఆ తరహా తొలి పటాలకు పెనుగాలిలో లాగుడు తగ్గించుకునే వీలు తక్కువ. 2005 ప్రాంతంలో బ్రూనోదే విల్లు ఆకారపు పటం వచ్చాక తీరు మారింది. చేతిలోని కడ్డీని వదిలితే వెనక దారాలు వదులవుతాయి, పటం తల వంచుతుంది, లాగుడు దాదాపు పోతుంది. ముందు దారాలు మామ పైదారం, వెనకవి మామ కిందిదారం!

ఇక్కడితో ఆపి, మనవాళ్లకు ఇదంతా ఎప్పుడో తెలుసు అని రాసేస్తే మీరు మెచ్చుకునేవారే. కానీ మామ ముడి మార్చాలంటే పటం నేలకు దిగాలి. వీళ్లది ఎగురుతుండగానే మారుతుంది. ఆ కడ్డీ మామకు ఉండుంటే నా వేలికి మచ్చ ఉండేది కాదు. నాలుగు దారాల మీద విసుగు వెనక్కి తీసుకుంటున్నాను.

2024 ఒలింపిక్స్‌లో ఈ ఆట తొలిసారి చేరింది. అక్కడ పలక కింద నీళ్లలో ఉండే ఫాయిల్ అనే రెక్క పలకను నీటిపైకి ఎత్తేస్తుంది కాబట్టి మందగాలికీ పరుగే. అయినా మార్సెయ్‌లో గాలి చాలక పోటీలు ఆలస్యమయ్యాయి. ఇక్కడ మా పంచెలు నిలవడం లేదు! ఇప్పుడు దారమే లేకుండా చేత్తో పట్టుకునే వింగ్ కూడా వచ్చింది. చిక్కుపడేదేమీ లేదు కనుక, రేపు కొత్తవాళ్లు ఎక్కువగా చేరేది దానికేనని నా అంచనా. నా మటుకు దారం లేనిది పటం కాదు, వాదించను.

"మనూర్లో ఆడొచ్చా తాతా?"

నీళ్లేవిరా అనబోయాను. న్యూజిలాండ్‌లో పీటర్ లిన్ 1990 నాటికే పటం లాగే మూడు చక్రాల బండి చేశాడు, అది నేల మీదే నడుస్తుంది. గాలికి మనకేం కొదవ? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. ఇక పెన్న ఇసుక అంటారా, అది ట్రాక్టర్లెక్కిపోయి గుంతలు మిగిలాయి.

ఆదివారానికి కొత్త చీపురు కొనుక్కురమ్మన్నాను. సూత్రం నేనే కడతాను. పంచె ఇంకా వేపచెట్టు మీదే ఉంది.