పలకపై బూటు: లక్షణ, ఔచిత్యం, అడిసన్ వ్యాసం

పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ల లండన్‌లో చెప్పులు కుట్టేవారి దుకాణానికి బూటు బొమ్మ గీసిన పలక వేలాడడం పరిపాటి. చదువురాని బాటసారికి దుకాణం పేరూ చిరునామా కూడా అదే. ఆలంకారికుల పరిభాషలో ఇది లక్షణ. బొమ్మ బూటు తొడుక్కోవడానికి పనికిరాదు కనుక ముఖ్యార్థానికి బాధ. బూటుకూ కుట్టినవానికీ కార్యకారణ సంబంధం. దూరం నుంచే దుకాణాన్ని పోల్చుకోవడం ప్రయోజనం. మమ్మటుడు చెప్పిన మూడు నిమిత్తాలూ ఇక్కడ కుదురుతాయి.

కుదరని పలకలూ ఉండేవి. వాటిపై జోసెఫ్ అడిసన్ 1711 ఏప్రిల్ 2న 'స్పెక్టేటర్' 28వ సంచికలో వ్యంగ్యవ్యాసం ప్రకటించాడు. పలకల పర్యవేక్షణాధికారి పదవిని ఆశిస్తున్న ఒకానొక కల్పిత వ్యక్తి లేఖ రూపంలో అది సాగుతుంది. వంటవానికి బూటు గుర్తు, చెప్పులు కుట్టేవానికి కాల్చిన పంది గుర్తు ఉండరాదని, సరుకుకూ గుర్తుకూ పొందిక ఉండాలని అతని వాదం. క్షేమేంద్రుని ఔచిత్యానికి ఇది దగ్గరి చుట్టమే. అయితే ఇళ్లకు నంబర్లు లేని కాలంలో గుర్తు వృత్తికంటె ఇంటికే ఎక్కువగా అంటుకొని ఉండేది. వంటవాడు ఖాళీచేసిన ఇంట్లో దిగిన పనివాడు పాత పందిని చెరిపితే చిరునామానే చెరుపుకున్నట్లు. లేఖ ఈ సంగతిని పట్టించుకోదు.

జంట గుర్తుల విషయంలో మాత్రం లేఖకునికి కారణం తెలుసు. కొత్తగా దుకాణం పెట్టిన యువకుడు తన గుర్తుకు తనకు పని నేర్పిన యజమాని గుర్తును జోడించుకుంటాడని అతడే చెబుతాడు. వివాహానంతరం భర్త తన వంశచిహ్నంలో భార్య వంశచిహ్నానికి చోటివ్వడంతో పోలుస్తాడు కూడా. అయినా ఆ పలకలను అసంబద్ధాలనే అంటాడు. అదే కలయిక కులీనుని డాలుపై గౌరవం, పనివాని పలకపై హాస్యాస్పదం! లేఖకుడు కల్పితుడు కనుక ఈ వైరుధ్యాన్ని అడిసన్ ఉద్దేశపూర్వకంగానే పెట్టాడని వాదించవచ్చు. ఆ వాదాన్ని అంగీకరించినా, వ్యాసంలో నవ్వు పలకలవైపే మొగ్గుతుంది. పొందిక లేదన్న చోట నిజానికి ఒక గురుశిష్య పరంపర నమోదై ఉంది. ఔచిత్యాన్ని వస్తువుకూ బొమ్మకూ మధ్యనే వెదకిన చూపుకు పనివారి మధ్య సంబంధం ఆనలేదు.

1762 నాటి వెస్ట్‌మినిస్టర్ వీథుల చట్టం తర్వాత వేలాడే పలకలు క్రమంగా తొలగిపోయాయి. ఇంటి నంబర్లు వచ్చాయి. మిగిలిన బూటు పలకలు నేడు సేకర్తల గోడలపై జానపదకళగా కనిపిస్తాయి. ముఖ్యార్థబాధ ఉంది, సంబంధం ఉంది; కింద తలుపు మాత్రం లేదు.