వాయి దిగే వేళ

మిర్చి బజ్జీలు పార్సిల్ కట్టించుకుని ఇంటికి పట్టుకుపోయేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. కాగితం పొట్లంలో, దానిపైన ప్లాస్టిక్ కవర్లో, బజ్జీ తన ఆవిరికి తానే తడిసిపోతుంది. ఇల్లు చేరేసరికి పైపొర మెత్తబడి, నూనె సగం కాగితానికి, సగం పిండికి పట్టేసి ఉంటుంది. పళ్లెంలో పెట్టుకుని తినేది అప్పటికి వేరే పదార్థం. అసలు బజ్జీ బండి దగ్గర పుట్టి, బండి దగ్గరే నిలబడ్డవాళ్ల నోట్లో ఐదారు నిమిషాల్లో అయిపోవాలి.

బండి తిండి గురించి మాట్లాడేటప్పుడు కారం గురించి చెప్పుకుంటాం, చవక గురించి చెప్పుకుంటాం, కాలేజీ రోజులు తలుచుకుంటాం. అవన్నీ నిజమే. కానీ దాని సొగసంతా నాకు వేళలోనే కనిపిస్తుంది. వాయి నూనెలోంచి లేచిన క్షణానికీ పంటి కింద పడిన క్షణానికీ మధ్య ఎడం ఎంత తగ్గితే రుచి అంత పైకి లేస్తుంది. ఆ ఎడాన్ని తగ్గించే నేర్పు సగం వండేవాళ్ల చేతిలో ఉంది. మిగతా సగం తినేవాళ్లది. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, స్నేహితులుండాలి.

గుంటూరులో పొద్దు వాలాక బజ్జీల బండి పక్కన కాసేపు ఊరికే నిలబడి చూడాలి. బజ్జీకి వాడేది ఊరికి పేరు తెచ్చిన సన్నం మిరప కాదు. దాన్ని ఎండబెట్టి కారం పట్టిస్తారు. బజ్జీ మిరప లేతాకుపచ్చగా, పొడుగ్గా, కండపట్టి ఉంటుంది. కారం తక్కువ. ఉన్న ఘాటైనా గింజల్లో కంటే, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలోనే ఎక్కువ. అందుకే కాయను నిలువునా చీరి, బొటనవేలితో లోపల ఒక్క తోపు తోసి, ఖాళీ అయిన చోట వాము, ఉప్పు, చింతపండు కలిపి నూరిన ముద్ద పూస్తారు. తొడిమ పట్టుకుని శనగపిండి జారులో ముంచి, ఒక పక్కను గిన్నె అంచుకు రాసి పైకి తీస్తారు. ఆ ఒక్క రాపిడితో మిగులు పిండి జారిపోయి, ఒక వైపు పల్చటి పొర, ఇంకో వైపు మందపాటి పొర నిలుస్తాయి. ఒకే బజ్జీలో కరకరా మెత్తనా రెండూ తగలడం అక్కడి నుంచి వచ్చిందే.

నూనెలో పడగానే పెద్ద చప్పుడు. పిండిలోని నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంటుంది. ఆ తోపుడు గట్టిగా ఉన్నంతసేపు నూనె లోపలికి చొరబడలేదు. నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవవుతాయి, చప్పుడు సన్నబడుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు మూకుడు వైపు చూడనే చూడరు. ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇస్తూనో, ఉల్లిపాయలు తరుగుతూనో ఉండి, చప్పుడు మారగానే చిల్లుల గరిటె అందుకుంటారు. బండి దగ్గర నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఆ చెవి. నూనె రంగు కూడా చూడాలి. నల్లబడి నురగ కడుతుంటే మారు మాట్లాడకుండా పక్క బండికి నడవడమే.

కట్ మిర్చి అంటే సగం వేగిన బజ్జీని తీసి, ముక్కలుగా తరిగి, అడిగినప్పుడు మళ్లీ నూనెలో వేసి తీయడం. కరకర కోరేవాళ్లకు అంతకంటే ఏం కావాలి! నా ఓటు మాత్రం పొడుగ్గా చీల్చి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన వేరుశనగ గుళ్లు కూరి, నిమ్మకాయ పిండిన బజ్జీకే. ముందు పెదవికి వేడి, వెంటనే ఉల్లిపాయ చలవ, ఆ వెనక నిమ్మ పులుపు, ఆపైన మిరపకాయ కండలోంచి వచ్చే పచ్చి వాసన. వాము అన్నిటి తర్వాత వస్తుంది, అన్నీ వెళ్లిపోయాక కూడా ఉంటుంది. ఈ వరసంతా ఉల్లిపాయ చల్లగా, బజ్జీ వేడిగా ఉన్నంతసేపే. రెండూ ఒకే వేడికి వచ్చేశాయంటే ఆట ముగిసినట్టే.

అందుకే ఐదుగురు కలిసి వెళ్లినప్పుడు ఐదు ప్లేట్లు చెప్పకూడదు. "బాబాయ్, ఒక్క ప్లేటు ఇవ్వు. అది అవుతుండగా ఇంకోటి." ఈ మాట వినగానే బండి బాబాయ్ మొహం విచ్చుకుంటుంది. తినడం తెలిసినవాళ్లు వచ్చారని ఆయనకు అర్థమైపోతుంది. ఐదు చేతుల మధ్య ప్లేటు నిమిషం ఆగదు. ఒకడు వేళ్లు కాల్చుకుంటూ తుంచుతాడు, ఒకడు ఊదుతాడు, "ఒరేయ్, ఉల్లిపాయలన్నీ నువ్వే ఏరుకుంటున్నావేంట్రా" అని ఇంకొకడు. మళ్లీ వాయి దిగేదాకా ఖాళీ. అసలు కబుర్లు ఆ ఖాళీలోనే పడతాయి. ఒకడి ఉద్యోగం సంగతి, ఒకడి ఇంట్లో నాన్నగారి ఆపరేషన్ సంగతి, ఎన్నాళ్లుగానో తేలని పెళ్లి సంబంధం సంగతి. కొత్త వాయి రాగానే మాట మధ్యలో తెగిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు. గదిలో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాటలు కూడా అక్కడ సులువుగా నోరు దాటి వస్తాయి, వినేవాడి కళ్లు మన మొహం మీద కాక మూకుడు మీద ఉంటాయి కాబట్టి.

బెజవాడలో పునుగులకూ ఇదే పద్ధతి. పులిసిన ఇడ్లీ పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి, బండి అక్క వేళ్లతో చకచకా వదులుతుంటే ఒక్కొక్కటీ మునిగి, ఉబ్బి, తేలుతుంది. పల్లీ చట్నీ, అల్లం పచ్చడి ఎంత ఊరిస్తున్నా మొదటి పునుగు నేను ఉత్తిదే తింటాను. ఆ పూట పిండి ఎంత పులిసిందో దానికే తెలుసు.

విశాఖ బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్ దగ్గరికి వచ్చేసరికి మూకుడు లేదు, వాయి లేదు, అయినా వేళ ఇంకా బిగుసుకుంటుంది. మరమరాలకు సముద్రపు గాలి చాలు మెత్తబడడానికి, అందుకే వాటిని మూత పెట్టి ఉంచుతారు. ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం పడ్డాక ఎంతోసేపు నిలవవు. కలిపే మనిషి గరిటెను టకటకలాడించే వేగం అందుకే. పొట్లం చేతిలో పడేసరికి పైన కరకర, అడుగున తడి. ఒక్కరే తింటే అడుగుకు చేరేలోగా అంతా ముద్ద. నాలుగు చేతులు పడితే చివరి గుప్పెడు కూడా బతికే ఉంటుంది.

ఇక ఉగ్గాని. కర్నూలు, అనంతపురం వైపు పొద్దున్నే టిఫిన్ బండ్ల మీద దొరికే ఈ వంటకం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆ మరమరాలే అక్కడ బొరుగులు. విశాఖలో ఏ తడికి భయపడతారో, ఇక్కడ ఆ తడిని పిలిచి కూర్చోబెడతారు. బొరుగుల్ని నీళ్లలో వేసి, నానీ నానగానే రెండు చేతులతో పిండి తీస్తారు. కాస్త ఆదమరిస్తే మొత్తం సంకటి అయి కూర్చుంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసిన తాలింపులో వాటిని కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. ఆ పొడి మిగిలిన తడిని తాగేసి గింజకూ గింజకూ మధ్య చోటు చేస్తుంది. దానివల్లే ఉగ్గాని మెత్తగా ఉంటూనే విడివిడిగా ఉంటుంది, కడుపు నింపుతూనే బరువనిపించదు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. ఉగ్గాని ఒక్కటే తింటే మరీ నెమ్మది, బజ్జీ ఒక్కటే తింటే మరీ దుడుకు. బజ్జీ తుంచి ఉగ్గానితో కలిపి ఒకే ముద్దగా నోట్లో పెట్టుకున్నప్పుడు మెత్తదనం కరకరనూ, పుట్నాల కమ్మదనం మిరప ఘాటునూ నిలబెడతాయి. మన రోడ్ల పక్కన దొరికే కూర్పుల్లో ఇంతకంటే సమతూకమైనది నేనెరగను. రాయలసీమ దాటి ఇది ఎందుకు పెద్దగా బయటికి రాలేదని బాధపడేవాణ్ణి. ఇప్పుడు అనిపించదు. వెళ్లి తినవలసినవి కొన్ని ఉండాలి.

కూర్చుని తినే చిన్న హోటళ్లలోనూ ఈ వేళ పాటించే చోట్లున్నాయి. బెజవాడ గాంధీనగర్‌లో 1942 నుంచి ఉన్న బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. వెన్న పూర్తిగా కరగనివ్వకూడదు, గడ్డగా ఉన్నప్పుడూ తినకూడదు. సగం కరిగి ఇడ్లీలోకి దిగుతూ, సగం పైన చల్లగా మిగిలి ఉన్నప్పుడు తుంచాలి. ఫోటో తీసుకుంటూ కూర్చునే మిత్రుడి చేతిలోంచి ఫోన్ లాక్కోవడం అక్కడ నిజమైన స్నేహధర్మం.

ఈ తిండికి వేళ ఎంత ముఖ్యమో చోటూ అంతే ముఖ్యం. మనుషులు నడిచే దారిలో బండి ఉంటేనే వాయి వెంట వాయి దిగుతుంది, పిండి నిలవుండదు, నూనె తాజాగా ఉంటుంది. జనం తిరగని మూలకు నెట్టేస్తే బజ్జీలు ముందే వేయించి గుట్టపోసుకోవాల్సి వస్తుంది. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో వచ్చిన కేంద్ర చట్టం వాళ్లను సర్వే చేసి ధ్రువపత్రాలివ్వాలంది, చోట్లు తేల్చే పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వాళ్లే ఉండాలంది. రోడ్ల వెడల్పు పేరుతో రాత్రికి రాత్రి బండ్లు ఎత్తేసిన వార్త చదివినప్పుడల్లా ఒక కుటుంబం ఏమైపోయిందోనన్న బాధతో పాటు, ఆ చప్పుడు వినే చెవి ఎక్కడికి పోయిందోనని కూడా నాకు గుండె కలుక్కుమంటుంది.

చివర్న గోళీ సోడా. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు ఒత్తిడే గోళీని మూతికి అదిమిపెడుతుంది. మిరప మంటను సోడా ఆర్పదు. ఒక్క క్షణం ఇంకా రేపి, ఆ తర్వాత నాలుక మీది నూనెనంతా కడిగేస్తుంది. ఉప్పు, నిమ్మకాయ వేయించుకోవాలి. గోళీ లోపలికి పడిన మరుక్షణం నుంచే గ్యాసు పోతుంటుంది కాబట్టి ఐదుగురికి ఐదు తెరిపించొద్దు. ఒకటి తెరిపించి చేతులు మార్చుకోండి, అది అయ్యాక ఇంకోటి.