అరచేతి చిత్రం: మారకం, విక్రయం

స్విస్ కళాకారుడు ఎం. వెంచి స్టిర్నెమాన్ 1997లో జ్యూరిక్‌లో తాను చేతితో రూపొందించిన 1200 చిత్రకార్డులను ప్రదర్శించారు. ఎవరైనా తామే ఒక కార్డు తయారుచేసి తెస్తే తన కార్డుతో మార్చుకోవచ్చునని సందర్శకులను ఆహ్వానించారు. ‘ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డ్’కు ఇది ఆరంభం. నియమాలు ప్రధానంగా రెండు: కొలత రెండున్నర, మూడున్నర అంగుళాలు, అమ్మరాదు, మార్చుకోవాలి.

ఈ కార్డులను సూక్ష్మచిత్రకళగా మాత్రమే పరిగణిస్తే రెండవ నియమం అప్రధానంగా తోస్తుంది. నిజానికి ఈ ప్రక్రియకు ప్రాణం అదే. కార్డు వెనుక సంతకం, తేదీ ఉంటాయి. అది దాదాపు పరిచయపత్రం. పుచ్చుకొనేవారు కూడా ఏదో ఒకటి చేసి తేవలసిందే. కేవల ప్రేక్షకునికి ఇందులో స్థానం లేదు.

విక్రయం కోరినవారు అదే కొలతను నిలుపుకొని, ‘ఆర్ట్ కార్డ్స్, ఎడిషన్స్ అండ్ ఒరిజినల్స్’ అన్న వేరే పేరుతో ఈబే వేలానికి వెళ్లారు. పేరు మార్చుకోవడంలో నిజాయితీ ఉంది. కొలత ఒకటే అయినా ప్రక్రియ ఒకటి కాదు. తెరమీద గోరంతగా కనబడి కొనుగోలుదారుని ఆపవలసిన కార్డు, తొలిచూపులోనే పోల్చుకోగల పిల్లినో పువ్వునో ఆశ్రయించడం సహజం. చిరిగిన బస్సు టికెట్టు అతికించిన కార్డు అక్కడ నెగ్గుకురావడం కష్టం.

అంతమాత్రాన మారకం పక్షాన పూర్తిగా నిలవడమూ సాధ్యం కాదు. కళే జీవనాధారమైన వ్యక్తి దినమంతా శ్రమించి వేసిన చిత్రానికి బదులుగా మరో చిత్రమే దొరికితే ఇంట్లోకి బియ్యం రావు. అమ్మరాదన్న నియమాన్ని పాటించడం వేరే ఆదాయం ఉన్నవారికే సులువు. స్టిర్నెమాన్ ఆహ్వానంలో ఈ ప్రశ్నకు చోటు లేదు.