నీలం నిలవాలి

ఓఎల్‌ఈడీల కోసం, అంటే కరెంటు ఇస్తే సేంద్రీయ పదార్థమే వెలిగే పరికరాల కోసం, అణువు గీయడం, తయారుచేయడం అయ్యాక, యూవీ లాంప్ కింద ఆ ద్రావణం తొలిసారి నీలంగా వెలిగితే ఆ పూట ల్యాబ్‌లో పండగే. అయితే నీలాన్ని వెలిగించడం ఎప్పుడో నేర్చుకున్నాం. దాన్ని వేల గంటలు వెలుగుతూ ఉంచడమే ఇంకా తేలని సంగతి.

1987లో కోడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ చూపించిన ఓఎల్‌ఈడీ ఆకుపచ్చది. తర్వాత ఇరిడియం సమ్మేళనాలు వచ్చి ఎరుపునీ ఆకుపచ్చనీ చాలా దూరం తీసుకెళ్లాయి. నీలం వెనకబడింది. కరెంటు ఇస్తే పుట్టే ఉత్తేజిత స్థితుల్లో నాలుగింట మూడు వంతులు ట్రిప్లెట్లు అనే రకమే. అవి తొందరగా ఖాళీ కావు. నీలానికి ఒక్కోదానిలో సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. రెండు ఎదురుపడి ఒకదాని శక్తి రెండోదానిలో చేరిందా, అయిదు దాటుతుంది. కార్బన్-నైట్రోజన్ బంధం తెగడానికి అంత కూడా అక్కర్లేదు. తెగిన ముక్కలు పక్క అణువుల వెలుగునూ మింగేస్తాయి. అందుకే ఏళ్ల తరబడి ఫోన్ తెరల్లో నీలం మాత్రం పాత ఫ్లోరెసెంట్ పదార్థాలతోనే నెట్టుకొచ్చింది.

క్యూషూ విశ్వవిద్యాలయంలో చిహయా అదాచి బృందం 2012లో ఇరిడియం లేకుండానే ట్రిప్లెట్లను వెలుగుగా మార్చే దారి చూపించింది. అణువులో ఎలక్ట్రాన్లిచ్చే భాగాన్నీ పుచ్చుకునే భాగాన్నీ ఒకదానికొకటి మెలితిప్పి కలపాలి. కానీ మెలితిరిగిన అణువు కుదురుగా ఉండదు. వెలుగు వెడల్పై నీలంలోకి ఆకుపచ్చ చొరబడుతుంది. నాకు నచ్చిన దారి తకుజి హతకెయామాది. బోరాన్‌నీ నైట్రోజన్‌నీ ఒకే గట్టి చట్రంలో బిగించేశారు. 2019 నాటి ను-డాబ్నా అనే అలాంటి అణువుతో చేసిన పరికరం 469 నానోమీటర్ల దగ్గర, కేవలం 18 నానోమీటర్ల వెడల్పుతో వెలిగింది. బాహ్య క్వాంటం సామర్థ్యం, అంటే పంపిన ఎలక్ట్రాన్లకు బయటికొచ్చే ఫోటాన్ల వంతు, 34.4 శాతం. ఆ వర్ణపటం చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

గీసిన అణువు ఎంత బాగున్నా శుద్ధి సరిగా లేకపోతే అంతా వృథా. వాక్యూమ్‌లో గాజు గొట్టాన్ని వేడిచేస్తే పదార్థం ఆవిరై, చల్లటి వైపు లేత పసుపు పట్టీగా పేరుకుంటుంది. వేడి కొసన గోధుమరంగు మడ్డి మిగులుతుంది. పట్టీ అంచు గోకేటప్పుడు ఆశపడి మడ్డివైపు జరగకూడదు. తయారీలో చివరి రసాయన చర్య నుంచి మిగిలిన రవ్వంత బ్రోమిన్ కూడా పరికరం ఆయుష్షు తగ్గిస్తుంది.

ఈ రంగంలోకి వస్తున్న పిల్లలకు నా మనవి ఒక్కటే. పేపర్లో సామర్థ్యం అంకె వేసినప్పుడు, పక్కనే ఆయుష్షు అంకె కూడా వేయండి. అది తక్కువైనా సరే, దాచకండి.