వేషం మారితే ఊరి మాట మారాలి

పిట్టలదొరను చూసినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా చాలామందే ఉన్నారు. చిరుగుల ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. అరుగు మీది పెద్దాయన "ఏం దొరా, ఎందాకా?" అంటే చాలు, లేని బంగళాలూ లేని ఎస్టేట్లూ గుక్క తిప్పుకోకుండా ఏకరువు పెడతాడు. పగటివేషగాడికి వేదిక లేదు, తెర లేదు. ఎవరు ఏ ప్రశ్న వేస్తారో ముందుగా తెలియదు. ఎవరేమడిగినా దొరగానే బదులు పలకాలి.

మంచి రోల్ ప్లేయింగ్ గేమ్ ఎలా ఉండాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ విద్యే గుర్తొస్తుంది. ఆడే కుర్రాళ్లు లెక్కలు చెబుతారు. మ్యాప్ ఎంత పెద్దది, లెవెల్స్ ఎన్ని, ఎన్ని గంటలు ఆడొచ్చు, కత్తులు ఎన్ని రకాలు. వేషం మార్చి ఆడినా ఊరు అదే మాట చెబితే మాత్రం, ఎంత పెద్ద మ్యాప్ ఉన్నా దాన్ని నేను రోల్ ప్లేయింగ్ గేమ్ అనను.

ఈ ఆటలు పుట్టింది కంప్యూటర్‌లో కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’కి కాగితం, పెన్సిల్, పాచికలు చాలు. బల్ల దగ్గర ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లవి తలో పాత్ర. మీరెంత వింత పని చేస్తానన్నా ఆ నడిపే మనిషి విని, ఆలోచించి, తర్వాత ఏమైందో చెబుతాడు. కంప్యూటర్‌కి లెక్కలు తేలిక, వినడం కష్టం. అందుకే బలం, ప్రాణం, ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఇట్టే తెర మీదికి వచ్చేశాయి. వినే మనిషి బల్ల దగ్గరే ఉండిపోయాడు. అతన్ని తెర మీదికి తేవడానికి మంచి డిజైనర్లు నలభై ఏళ్లకు పైగా తంటాలు పడుతూనే ఉన్నారు.

1985లో రిచర్డ్ గారియట్ చేసిన ‘అల్టిమా 4’ చూడండి. చివర్లో చంపాల్సిన దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. దయ, నిజాయితీ, త్యాగం లాంటి ఎనిమిది గుణాలు సాధించాలి. అందులో మంత్రాలకు కావలసిన దినుసులు అమ్మే మనిషికి చూపు లేదు. డబ్బు మీరే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువ ఇచ్చినా అక్కడ ఎవరూ పట్టుకోరు. ఆట మాత్రం ఆ సంగతి మీ నిజాయితీ ఖాతాలో రాసుకుంటుంది. అంత చిన్న అంగడి బేరంలో ఆటగాడి స్వభావాన్ని పట్టుకున్న ఆ ఆలోచనకు నేనిప్పటికీ దండం పెడతాను.

‘ఫాలౌట్’లో (1997) తెలివి బాగా తక్కువున్న పాత్రతో మొదలుపెడితే ఆ మనిషి నోట పూర్తి వాక్యం రాదు, ఎదుటివాళ్లు మాట్లాడే తీరే మారిపోతుంది. ఈ వేషంలో ఏం చేయలేమో కూడా ఆట చెప్పాలి. ‘విచర్ 3’లో (2015) ఒక నిర్ణయం ఫలితం చాలాసేపటికి గానీ బయటపడదు. సేవ్ ఫైల్ తెరిచి తప్పు దిద్దుకుందామంటే అప్పటికే చాలా దూరం వచ్చేసి ఉంటాం.

మన దేశంలోనూ ఆ దారి పట్టినవాళ్లున్నారు. భోపాల్‌కు చెందిన పైరోడాక్టిల్ గేమ్స్ 2014లో ‘అన్‌రెస్ట్’ తెచ్చింది. ప్రాచీన భారతాన్ని తలపించే నగరం, కరువు, ఆకలి. ఆడేది ఒక్క వీరుడి పాత్ర కాదు, పలువురివి. వాళ్లలో పెద్దలు కుదిర్చిన పెళ్లి ముందు నిలబడ్డ పేదింటి పిల్ల ఒకతె. ఆట చాలా మటుకు మాటల మీదే నడుస్తుంది.

తెలుగులో అలాంటిది రావాలని నాకు గట్టి కోరిక. కోనసీమలో ఒక లంక ఊరు, వరద వచ్చే ఒక్క రాత్రి చాలు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటింది. మీరు కౌలు రైతు. అరటి గెలలు కోతకొచ్చాయి, గేదె ఈనేలా ఉంది, అప్పు తీరలేదు. గట్టెక్కమని వీఆర్వో ఎంత మొత్తుకున్నా కాళ్లు కదలవు. అదే రాత్రిని వీఆర్వోగా ఆడితే ఆ రైతు వట్టి మొండివాడు. పడవ నడిపేవాడిగా ఆడితే, ఇంకొక్కరిని ఎక్కించుకోవాలా వద్దా అన్నదే ప్రశ్న. నీరు తీశాక ఎవరు ఎవరిని ఒడ్డు చేర్చారో ఊరికి గుర్తుండాలి. టీ కొట్టు దగ్గర "ఆయ్, రండి" అని పిలిచారా, మొహం తిప్పుకున్నారా అన్న దాంట్లో అది తెలియాలి.

కాకినాడ, భీమవరం, రాజమండ్రి కాలేజీల్లో కోడింగ్ నేర్చుకుంటున్న పిల్లలారా, దీనికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ‘అండర్‌టేల్’ని టోబీ ఫాక్స్ 2015లో దాదాపు ఒంటిచేత్తో చేశాడు. మీరు నలుగురు కూడండి. ముందుగా లంకల్లోకి వెళ్లి 86 వరద చూసిన పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసుకోండి. ఆ తర్వాతే కంప్యూటర్ తెరవండి.