ఇలియడ్: శత్రువు అంత్యక్రియలతో ముగిసే యుద్ధకావ్యం

4.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఇలియడ్ కథానిర్మాణాన్ని వివరించగలుగుతారు.
• ఈ కావ్యం యుద్ధాన్ని కీర్తిస్తోందా, ప్రశ్నిస్తోందా అన్న చర్చలో మీ అభిప్రాయాన్ని ఆధారాలతో చెప్పగలుగుతారు.
• పాశ్చాత్య సాహిత్యం హోమర్‌ను స్వీకరించిన తీరును అంచనా వేయగలుగుతారు.

4.1 పరిచయం

పాశ్చాత్య సాహిత్య చరిత్ర ఏది తెరిచినా మొదటి పేజీల్లోనే హోమర్ పేరు కనిపిస్తుంది. ఆయన పేరుతో మనకు దక్కిన మహాకావ్యాలు రెండు: ఇలియడ్, ఒడిస్సీ. ఇవి క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతంలో రూపుదిద్దుకున్నాయని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇవి పాశ్చాత్య నాగరికతకు పునాది అని తరచుగా అంటారు. పరీక్షలో రాయడానికి ఆ మాట సులువైనదే. కాని ఆ పునాదిలో ఏముందో అది చెప్పదు. అందులో ఉన్నవి కండబలం, కీర్తికాంక్ష, పగ మాత్రమే అయితే ఇలియడ్‌ను ఈనాడు చదవవలసిన అవసరం పెద్దగా ఉండదు. ఈ భాగంలో ఆ కావ్యం మొదలును, ముగింపును పక్కపక్కన పెట్టి చూద్దాం.

4.2 కథానిర్మాణం

ట్రాయ్ యుద్ధం పదేళ్లు సాగిందని గాథ. ఇలియడ్ ఆ పదేళ్ల కథ కాదు. పదో ఏట సుమారు యాభై రోజుల్లో జరిగిన సంఘటనలే ఇందులోని 24 సర్గలకు, 15,000కు పైగా ఉన్న పంక్తులకు వస్తువు. చాలామంది ఇందులో ఉంటుందనుకునే కొయ్యగుర్రం కథ ఇందులో లేదు. అకిలీజ్ మరణం లేదు, ట్రాయ్ పతనమూ లేదు. కావ్యంలోని మొదటి పదానికి అర్థం ‘ఆగ్రహం’. ఆ ఆగ్రహం ఎలా పుట్టి, ఎవరెవరిని బలిగొని, ఎక్కడ చల్లారిందన్నదే కథ. యుద్ధం మొత్తాన్ని చెప్పబోకుండా ఒక భాగాన్ని మాత్రమే ఎన్నుకున్నందుకు అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో హోమర్‌ను మెచ్చుకున్నాడు.

చదివేటప్పుడు ఒకే విశేషణం, ఒకే రకమైన పంక్తి మళ్లీ మళ్లీ వస్తుంటే దోషమనుకోకండి. అమెరికన్ పండితుడు మిల్మన్ ప్యారీ 1930లలో యుగోస్లావియాలోని జానపద గాయకుల పాటలను రికార్డు చేసి పరిశీలించాడు. ఛందస్సులో ఇమిడే సిద్ధమైన పదబంధాల సాయంతో గాయకులు అప్పటికప్పుడు కథ అల్లుతారని, హోమర్ కావ్యాల వెనుక ఉన్నదీ అలాంటి మౌఖిక సంప్రదాయమేనని వాదించాడు.

4.3 ఇద్దరు తండ్రులు

మొదటి సర్గలో ఒక వృద్ధుడు గ్రీకుల శిబిరానికి వస్తాడు. అతను అపోలో దేవుడి పూజారి, పేరు క్రైసిస్. బందీగా ఉన్న కూతురిని విడిపించుకోవడానికి విమోచన ధనం తెస్తాడు. సేనాధిపతి అగమెమ్నాన్ అతన్ని బెదిరించి పంపేస్తాడు. అపోలో ఆగ్రహించి శిబిరంలో మహమ్మారి వ్యాపింపజేస్తాడు. చివరికి కూతురిని తిరిగి అప్పగించక తప్పని అగమెమ్నాన్, ఆ లోటు తీర్చుకోవడానికి అకిలీజ్ దగ్గర ఉన్న బ్రైసిస్‌ను లాక్కుంటాడు. అకిలీజ్ కోపించి యుద్ధం మానేస్తాడు. అతని ప్రాణమిత్రుడు ప్యాట్రోక్లస్ అతని కవచం తొడుక్కుని యుద్ధానికి వెళ్లి హెక్టర్ చేతిలో మరణిస్తాడు. అకిలీజ్ హెక్టర్‌ను చంపి, శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు.

చివరి సర్గలో మరో వృద్ధుడు అదే శిబిరానికి వస్తాడు. ఇతను హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు ప్రియామ్. ఇతనూ విమోచన ధనం తెస్తాడు, కాని కొడుకు శవం కోసం. తన కొడుకులను చంపిన చేతులనే ముద్దాడి, నీ తండ్రిని తలచుకో అని వేడుకుంటాడు. ఇద్దరూ ఏడుస్తారు. అకిలీజ్ శవాన్ని అప్పగిస్తాడు.

మొదటి సర్గలో ఒక తండ్రి విన్నపాన్ని తోసిపుచ్చడంతో మొదలైన వినాశనం, చివరి సర్గలో మరో తండ్రి విన్నపాన్ని మన్నించడంతో ఆగుతుంది. ఇది కావ్యానికి వెన్నెముక. అయితే ఈ ఘట్టాన్ని తేలికైన క్షమాపణ కథగా చదవకూడదు. మూడు అంశాలు గమనించండి.

(అ) ఇద్దరూ కలిసి ఏడుస్తారు గాని ఒకరి కోసం కాదు. ప్రియామ్ హెక్టర్ కోసం, అకిలీజ్ తన తండ్రి కోసం, ప్యాట్రోక్లస్ కోసం ఏడుస్తారు.
(ఆ) ఆగ్రహం పూర్తిగా పోలేదు. ప్రియామ్ తొందరపెడితే అకిలీజ్ హెచ్చరిస్తాడు. శవాన్ని చాటుగా కడిగిస్తాడు. కొడుకును చూసి తండ్రి దుఃఖంతో తూలనాడితే తాను అతన్ని చంపేస్తానేమోనని అతనికే భయం.
(ఇ) యుద్ధం ఆగలేదు. అంత్యక్రియలకు ఇచ్చిన గడువు పదకొండు రోజులే. పన్నెండో రోజు మళ్లీ పోరు తప్పదని ఇద్దరికీ తెలుసు.

శత్రువు దుఃఖంలో తన దుఃఖాన్ని చూడగలగడం యుద్ధాన్ని ఆపలేకపోవచ్చు. అయినా అది చిన్న విషయం కాదన్నదే ఈ ముగింపు చెప్పేది. గ్రీకు కవి తన కావ్యాన్ని గ్రీకుల విజయంతో ముగించలేదు, హెక్టర్ అంత్యక్రియలతో ముగించాడు.

4.4 యుద్ధ స్తుతి అన్న వాదం

ఇలియడ్ హింసను వైభవంగా చూపుతుందన్న విమర్శలో నిజం ఉంది. గాయాల వర్ణనలో, వీరుల పరాక్రమంలో కవి ఉత్సాహం స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి భిన్నంగా ఫ్రెంచ్ రచయిత్రి సిమోన్ వీల్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాసిన వ్యాసంలో, ఈ కావ్యానికి అసలు నాయకుడు బలప్రయోగమేనని, అది గెలిచినవాడిని కూడా జడపదార్థంగా మారుస్తుందని వాదించింది. ఆమె చూపు పదునైనదే. కాని కవి ఉత్సాహాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. నా అంచనాలో కవి రెండింటినీ ఒకేసారి చూపాడు. ఆరో సర్గలో తండ్రి శిరస్త్రాణాన్ని చూసి బెదిరి ఏడ్చిన పసివాడు, 22వ సర్గలో హెక్టర్ ప్రాణభయంతో పరుగెత్తే దారిలో ఉన్న, శాంతికాలంలో ట్రాయ్ స్త్రీలు బట్టలు ఉతుక్కున్న రాతి తొట్లు, ఇవన్నీ ఆ వైభవానికి చెల్లించిన మూల్యాన్ని గుర్తుచేస్తాయి.

4.5 పాశ్చాత్య ప్రపంచం స్వీకరించిన తీరు

ప్రభావం అంటే అనుకరణ ఒక్కటే కాదు. దేవతలను, వీరులను హోమర్ చిత్రించిన తీరు పౌరులకు చెరుపు చేస్తుందని ప్లేటో ‘రిపబ్లిక్’లో అభ్యంతరం చెప్పాడు. అలెగ్జాండర్ ఇలియడ్ ప్రతిని తలగడ కింద పెట్టుకునేవాడని ప్లూటార్క్ రాశాడు. అతనికి కావలసింది అకిలీజ్ కీర్తి.

లోతైన సమాధానం రోమన్ కవి వర్జిల్‌ది. ఆయన ‘ఈనియడ్’ చివర ఓడిపోయిన టర్నస్, నీ తండ్రిని తలచుకో అని ఈనియస్‌ను వేడుకుంటాడు. ప్రియామ్ విన్నపమే ఇది. ఈనియస్ తడబడతాడు. తన మిత్రుడు పల్లాస్ పట్టీ టర్నస్ భుజంపై కనబడగానే అతన్ని చంపేస్తాడు. కావ్యం అక్కడితో ముగుస్తుంది. సామ్రాజ్యం ఏ చర్యపై నిలబడిందో పాఠకుడే ఆలోచించుకోవాలి.

ఈ వారసత్వం తెగకుండా సాగిందనుకోవడం పొరపాటు. మధ్యయుగాల పశ్చిమ ఐరోపాలో గ్రీకు చదవగలిగినవారు అరుదు. హోమర్ ప్రతులను కాపాడింది ప్రధానంగా బైజాంటియమ్. 14వ శతాబ్దంలో ఇటాలియన్ కవి పెట్రార్క్‌కు హోమర్ ప్రతి దొరికినా ఆయన దాన్ని చదవలేకపోయాడు. 1488లో ఫ్లారెన్స్‌లో హోమర్ కావ్యాలు గ్రీకులో తొలిసారి అచ్చయ్యాయి. ట్రాయ్‌గా గుర్తించిన ప్రదేశం ఈనాడు టర్కీలో ఉంది. కాబట్టి ‘పునాది’ అనడంకంటే, పశ్చిమం మళ్లీ వెతికి తెచ్చుకున్న వారసత్వం అనడం సరైనది.

4.6 పరిమితులు

రాజులను ప్రశ్నించిన థెర్సైటిస్ రెండో సర్గలో దెబ్బలు తిని నవ్వులపాలవుతాడు. బ్రైసిస్ ఎవరికి దక్కాలన్న దానిపై కలహం నడిచినా, ఆమె నోరు విప్పేది 19వ సర్గలో ఒక్కసారే. ఆ మౌనాన్ని పూరిస్తూ ఆంగ్ల నవలాకర్త్రి ప్యాట్ బార్కర్ 2018లో అదే కథను బ్రైసిస్ నోట చెప్పించింది. హోమర్‌తో వాదన ఇంకా ముగియలేదనడానికి ఇది నిదర్శనం.

4.7 సారాంశం

ఇలియడ్ ఒక ఆగ్రహం కథ. తోసిపుచ్చిన విన్నపంతో మొదలై, మన్నించిన విన్నపంతో ముగుస్తుంది. యుద్ధ వైభవాన్నీ దాని మూల్యాన్నీ కలిపి చూపుతుంది. తరువాతి యుగాలు దాన్ని అనుకరించాయి, ఎదిరించాయి, తిరిగి రాశాయి.

4.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. ఇలియడ్ మొదటి, చివరి సర్గల మధ్య ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. ప్రియామ్, టర్నస్‌ల విన్నపాలను పోల్చి, రెండు కావ్యాల ముగింపులను చర్చించండి.
3. ‘ఇలియడ్ యుద్ధాన్ని కీర్తించే కావ్యం.’ మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.