ప్లగ్గులేని యాత్రాసాహిత్యం

మనవాళ్ళు విదేశాలు వెళ్ళొచ్చి రాసిన పుస్తకాలు నేను శ్రద్ధగానే చదువుతాను. నయాగరా దగ్గర రచయిత తడిసి ముద్దవుతాడు. ఈఫిల్ టవర్ కింద మెడ నొప్పెట్టేదాకా తలెత్తి నిలబడతాడు. మూడోనాటికి ఆవకాయ గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అంతా బాగానే ఉంటుంది గాని, ఆ మహానుభావుడు తన బుల్లి లాప్‌టాప్‌ని హోటలు గదిలో ఏ గోడకి తగిలించాడో, ఆ రాత్రి ఇంటికి కబురెలా పంపాడో మాత్రం ఏ పేజీలోనూ కనబడదు. అదేం పెద్ద విషయమండీ అంటారా? "చేరానమ్మా" అన్న ఒక్క మాట కోసం ఇక్కడ కొత్తపేటలో ఒక తల్లి తెల్లవార్లూ ఫోను ఒళ్ళో పెట్టుకు కూర్చుంటుంది. ఆవిడకి నయాగరా కంటే అదే పెద్దది.

మన యాత్రాసాహిత్యం పుట్టుకతోనే ఇలా లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో మన హైదరాబాదూ చూశారు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తెరిస్తే ఏ మజిలీ ఎంత దూరమో, ఎక్కడ అంగళ్ళున్నాయో, ఎక్కడ నీళ్ళు మంచివో అన్నీ ఉంటాయి. తన వెనక ఇంకెవరో అదే దారిన వస్తారన్న స్పృహ ఆయనకుంది. ఈనాటి రచయితకి తన వెనక కెమెరా ఒక్కటే ఉన్నట్టుంది.

అచ్చుకాని యాత్రాసాహిత్యం కావాలంటే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలి. మెట్రో దిగి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్.బి. నగర్ దాకా నడవండి. పై చదువులకి పంపిస్తామనే బోర్డులు ఎన్ని కనబడతాయో! అలాంటి ఒకచోట పిల్లలకిచ్చే కాగితం ఈమధ్య నా చేతికొచ్చింది. తీసుకెళ్ళవలసిన వస్తువుల జాబితా. ప్రెషర్ కుక్కరు గురించి మూడు లైన్లు. పచ్చళ్ళు కారకుండా ఎలా కట్టాలో అయిదు లైన్లు. రసజ్ఞత ఉన్నవాడే రాశాడు. తీరా లాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి "యూనివర్సల్ అడాప్టర్ – 1" అని ఊరుకున్నాడు. విమర్శకుడిగా నా అభ్యంతరమల్లా ఆ ఊరుకోవడం మీదే.

ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు పాత ఇంగ్లీషువాడి ప్రమాణం. వాడు మాత్రం 1947లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, లోపల ఫ్యూజుండే చదును పిన్నుల ప్లగ్గుకి కొత్త ప్రమాణం రాసుకున్నాడు. పాతది మనకి మిగిలిపోయింది. అందుకే మన ప్లగ్గు లండన్‌లో దూరదు. సింగపూరు, దుబాయిల్లోనూ ఆ కొత్తదే. అమెరికాలో పిన్నులు చదునుగా ఉండటమే కాదు, కరెంటు కూడా 120 వోల్టులే. జపాన్‌లో 100.

ఎల్.బి. నగర్ వైపు ఎలక్ట్రికల్ షాపాయన ఒకావిడతో అంటుంటే విన్నాను: "ఇది ప్లగ్గునే మారుస్తదమ్మా, కరెంటును మార్చదు." ఆ కాగితం మొత్తంలో లేని సారం ఈ ఒక్క వాక్యంలో ఉంది. ఇక్కడి 230 వోల్టుల మిక్సీ అడాప్టర్ సాయంతో అక్కడి గోడకెక్కినా, పప్పు నలగదు.

మరి లాప్‌టాప్ సంగతో? దానికి జవాబు చార్జరు పొట్టమీద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్. ఇంత తక్కువ మాటల్లో ఇంత ధైర్యం చెప్పిన యాత్రారచన నేనింకొకటి చదవలేదు. ప్రపంచంలో ఏ దేశమైనా పోరా అబ్బాయీ, నేను చూసుకుంటాను అంటోంది. ఇంకో సంగతి. చాలా చార్జర్లలో ఆ ఇటుకలాంటి పెట్టె నుంచి గోడకి వెళ్ళే తీగె ఊడి వస్తుంది. అక్కడి ప్లగ్గున్న తీగె ఒకటి కొనుక్కుంటే అడాప్టరే అక్కర్లేదు. ఎర్త్ కలవని చవక అడాప్టర్ పెడితే మాత్రం, రేకు ఒళ్ళున్న లాప్‌టాప్ మీద చెయ్యేస్తే జివ్వుమంటుంది. సి-టైపు చార్జరున్న బుల్లి లాప్‌టాప్‌కి 45 లేక 65 వాట్లు కావాలి. ఫోను చార్జరు తగిలించి "ఎక్కడం లేదు" అని ఏడిస్తే అది దాని తప్పు కాదు. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి, కింద సామాన్లలో వెయ్యనివ్వరు. అదీ మామూలుగా 100 వాట్-అవర్ల లోపే.

ఇక ఆ కాగితం పూర్తిగా మరిచిపోయినది రెండో సగం. కరెంటుంది, కనెక్షనేదీ? విమానాశ్రయంలో వైఫై ఉచితమే. కొన్నిచోట్ల ముందు ఓటీపీ పంపుతామంటారు, మీ మన నంబరేమో రోమింగ్ లేక మూగనోము పట్టి ఉంటుంది. డబ్బు కడదామంటే బ్యాంకువాడూ ఆ నంబరుకే పంపిస్తాడు. ఇక్కడుండగానే రోమింగ్ తెరిపించుకున్న వాడికి ఆ సందేశం వస్తుంది, లేనివాడికి రాదు. అక్కడి సిమ్మో ఈ-సిమ్మో ఫోనులో వేసుకుని, హాట్‌స్పాట్ పెట్టి, దాంట్లోంచి లాప్‌టాప్‌కి నెట్ ఇచ్చుకోవడం నాకు తెలిసి అన్నిటికన్నా నమ్మకమైన దారి. చేరవలసిన చిరునామా మాత్రం కాగితం మీద రాసుకోవాలి. చార్జింగ్ అయిపోయిన లాప్‌టాప్‌లో చిరునామా ఉండీ లేనట్టే.

ఇదంతా పెట్టినా ఒక పేజీకి మించదు. పచ్చళ్ళకి అయిదు లైన్లిచ్చిన ఆ అజ్ఞాత రచయిత రెండో ముద్రణ వేస్తే, కుక్కరు దగ్గర ఒక లైను తగ్గించినా నాకభ్యంతరం లేదు. పచ్చళ్ళ జోలికి మాత్రం వెళ్ళొద్దని మనవి.